మా తమ్ముడు బిగించిన వెనకద్దం

మిస్సోరీ రాష్ట్రం, సెయింట్ లూయిస్ నగరం, డచ్‌టౌన్ పేటలో కాపురముంటున్న నేను, అనగా కీర్తిశేషులు ఎల్మర్ బ్రాండ్‌హోర్స్ట్ గారి భార్యనైన ఒటిలియా మే బ్రాండ్‌హోర్స్ట్‌ను, డెబ్బై తొమ్మిదేళ్ల వయసులో, పూర్తి తెలివితో, ఎవరూ నా చెయ్యి పట్టి రాయించకుండా, నా అంతట నేను చేస్తున్న ఏర్పాటు ఇది. మోకాళ్లు చెడిపోయాయి గానీ మతి చెడలేదని మా డాక్టరు రాసిచ్చిన కాగితం దీనికి జతపరిచాను. ఇంతకుముందు నేను రాసిన వీలునామాలన్నీ ఇందుమూలంగా రద్దు. ఎల్మర్ పోయిన మరుసటేడు రాసినదానిలో కారు నా కొడుకు గ్లెన్‌కని ఉంది. అది మరీ ముఖ్యంగా రద్దు.

ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా స్నేహితురాలు ఇర్మా ట్రౌట్‌మన్‌కు అప్పగిస్తున్నాను. ఆమె కోర్టులో గుమస్తాగా చేసి రిటైరైన మనిషి. పేకాటలో తొండి చేస్తుంది, కాగితాల దగ్గర మాత్రం చెయ్యదు. ముసాయిదా చదివి "వీలునామాలో ఇంత సోది ఎందుకే టిల్లీ?" అని విసుక్కుంది. ఎవరికి ఏమిటో రాయడానికి అరపేజీ చాలు. ఎందుకో రాయకపోతే నా కొడుకు నాకు మతి పోయిందంటాడు. అందుకే ఈ సోదంతా.

1. నేను నివసిస్తున్న ఇటుకల ఇల్లు, దాని వెనక గ్యారేజీ, ఇంట్లోని సామాను, బ్యాంకులో ఉన్నదంతా, దిగువ అంశాలలో విడిగా చెప్పినవి మినహాయించి, నా ఏకైక కుమారుడు గ్లెన్ నా తదనంతరం సర్వహక్కులతో అనుభవించవలసినది. దీన్ని మొదటే రాయడానికి కారణముంది. మిగతా అంశాలు చదివి వాడు మొహం మాడ్చుకుని కూర్చుంటాడు. అప్పుడు ఇర్మా ఈ ఒకటో అంశాన్ని మళ్లీ పైకి చదివి వినిపించాలి.

2. ఇర్మాకు నా పేకాట బల్ల. వెన్న కేకు చేసే సత్తు పళ్లెం కూడా ఆమెకే. ఆ కేకు నాకంటే తను బాగా చేస్తానని ఆమె ఊరంతా చెప్పుకుంటుంది, ఇక అడ్డు చెప్పడానికి నేను ఉండను కాబట్టి అలాగే చెప్పుకోనీ. సాక్షి సంతకం చేసేవాళ్లకు ఏమీ ఇవ్వకూడదట, చట్టం ఒప్పుకోదట. అందుకని పక్కింటి సెనాద్‌కు నా మంచు పార మొన్ననే ఇచ్చేశాను. పదేళ్లుగా నా గుమ్మం ముందు మంచు తోసింది ఆయనే.

3. ఇప్పుడు కారు సంగతి. చరాస్తి వివరం: 1963వ సంవత్సరపు కార్వెట్ కూపే, ముదురు నీలం, రెండే సీట్లు, గేరు కర్ర చేత్తో మార్చేది. ఎల్మర్ బీరు ఫ్యాక్టరీలో లారీల లెక్క చూసే ఉద్యోగంలో ఉండగా, పెళ్లికి ముందునుంచీ దాచుకున్న డబ్బుతో కొత్తగా కొన్నది. నేను కుట్టుమిషను అడిగిన ఏడాది అది ఇంటికొచ్చింది.

ఈ జాతి కారు పుట్టింది మా ఊళ్లో కాదు. 1953లో మిషిగన్‌లోని ఫ్లింట్‌లో మూడు వందల కార్లు చేత్తో చేశారు, అన్నీ తెల్లవే. మరుసటేడు పని మా ఊరికొచ్చింది. అప్పట్లో అది చూడ్డానికి దొరబాబులా ఉండేది, పరుగులో మాత్రం పాలబండి. కొనేవాళ్లు కరువై, ఇవాళో రేపో ఆపేస్తారని మా వీధిలో అందరూ చెప్పుకునేవాళ్లు. తర్వాత పెద్ద ఇంజను పెట్టారు, దాని జాతకమే మారిపోయింది. ఇరవై ఏడేళ్లపాటు దేశంలో ఏ మూల కార్వెట్ కనిపించినా అది మా సెయింట్ లూయిస్‌లో తయారైనదే. నా తమ్ముడు క్లీటస్ హంకే అక్కడే, బాడీలు అతికే చోట పనిచేశాడు. ఒళ్లు ఇనపరేకు కాదు, ఫైబర్‌గ్లాస్. తుప్పు పట్టదు, నిజమే. దాని పొడి బట్టల్లో చేరితే మాత్రం ఇంటిల్లిపాదీ గోక్కోవాలి. పెళ్లయ్యేదాకా క్లీట్ మా ఇంట్లోనే ఉన్నాడు, వాడి చొక్కాలు నేను విడిగా ఉతికేదాన్ని. "మీ తమ్ముడు కూర్చున్న కుర్చీలో కూర్చుంటే నాకు పగలంతా దురదేనే" అని ఎల్మర్ నవ్వేవాడు. అప్పట్లో నవ్వుతూనే అనేవాడు.

ఆ కారుతో ఏం పని జరుగుతుందని అడిగితే ఏమీ జరగదు. కూరగాయల సంచి పట్టదు. వాన పడితే లోపలికి కారుతుంది, ఎండాకాలం కాళ్లు కాలిపోతాయి. వెనక డిక్కీ తలుపే లేదు, ఏది పెట్టినా సీట్లమీదుగా వెనక్కి తొయ్యాలి. గ్లెన్‌ను కూడా అలాగే తోసేవాళ్లం, ఇప్పుడైతే పోలీసులు పట్టుకుంటారు. సీట్ల వెనక దుప్పటి పరిస్తే వెనకద్దం కింద వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తూ వచ్చేవాడు, ఐస్‌క్రీము కోసం ఏడవడం కూడా మరిచిపోయేవాడు. ఇన్ని ఇబ్బందులున్నా అది వీధిలోకి వస్తే గుమ్మాల్లో ఉన్నవాళ్లు లేచి నిలబడేవాళ్లు. ఎదురుగా ఇంకో కార్వెట్ వస్తే ఇద్దరూ చెయ్యెత్తాలి, అది వీళ్ల ఆచారం. ముక్కూమొహం తెలియనక్కర్లేదు. బ్యాంకు మేనేజరైనా, కసాయి కొట్టు వాడైనా ఎత్తాల్సిందే. ఎత్తనివాడికి మర్యాద తెలియదని లెక్క. ఎల్మర్ ఒక్కరికీ బాకీ ఉంచేవాడు కాదు, గేరు మారుస్తున్నా ఆ చెయ్యి వదిలేసి మరీ ఎత్తేవాడు.

4. ఈ అంశంలో ఆస్తి ఏమీ లేదు, వాంగ్మూలం మాత్రమే ఉంది. దీన్ని మిగతావాటికంటే గట్టిగా ప్రమాణం చేసి చెబుతున్నాను.

అరవైమూడు కూపేకు వెనకద్దం రెండు ముక్కలు. మధ్యలో పైకప్పునుంచి కిందదాకా వెన్నెముకలా ఒక పట్టీ దిగుతుంది. చూసేవాళ్లకు అందమే. నడిపేవాళ్లకు మాత్రం సరిగ్గా వెనక ఉన్నది కనపడదు. నేను చర్చి ఆవరణలో వెనక్కి తీస్తూ సెయింట్ జోసెఫు విగ్రహాన్ని పడగొట్టాను. అంత పెద్ద జోసెఫు ఆ పట్టీ చాటున ఇమిడిపోయాడు. ఫాదరుగారు చాలాకాలం నాకు ఎదురుపడితే పక్కకు తప్పుకున్నారు.

మరుసటేడు వచ్చిన కార్లకు పట్టీ తీసేసి ఒకే అద్దం పెట్టారు. ఇక చూడాలి వీళ్ల అవస్థ. అరవైమూడు కొన్న ప్రతివాడికీ తన కారు ఒక్క ఏడాదిలో ముసలిదైపోయినట్టనిపించింది. దేశమంతటా రంపాలు తీసుకుని పట్టీలు కోసేసి కొత్త అద్దాలు బిగించుకున్నారు. ఎల్మర్ కూడా అంతే. మా వంటింట్లో, నా బల్ల దగ్గర కూర్చుని, "కోసెయ్యి బావమరిదీ, ఎవడన్నా చూస్తే పాత మోడలా అంటున్నాడు, సిగ్గుగా ఉంది" అని తన నోటితో అన్నాడు. "బావా, ఒకసారి కోస్తే మళ్లీ రాదు, ఇంకోసారి ఆలోచించుకో" అని క్లీట్ అన్నాడు. "ఆలోచించేదేముంది, నీ అక్క ఈసారి రోమ్‌లో ఉన్న పోప్‌గారినే గుద్దుతుంది" అన్నాడు ఎల్మర్. రెండు ఆదివారాలు పట్టింది. క్లీట్ అంచులు అరగదీసి, పూత పూసి, అద్దం బిగించాడు. ఎక్కడ కోశాడో వేలితో తడిమినా తెలియదు. ఎల్మర్ వాడికి ఒక పెట్టె బీరు ఇచ్చి భుజం తట్టాడు. ఇవన్నీ నా ఎదుట జరిగాయి.

పదేళ్లు గడిచాయి. ఉన్నట్టుండి ఆ పట్టీ ఉన్న కార్లకోసం జనం ఎగబడ్డారు. ఒక్క ఏడాదే చేసినవి, అందులోనూ సగం వీళ్లే కోసుకున్నారు, మిగిలినవాటి ధరలకు రెక్కలొచ్చాయి. ఎల్మర్ కార్ల పత్రికలో ఆ ధరలు చదివి మూసేశాడు. మొదట్లో "మా క్లీటూ నేనూ భలే తెలివిగల పని చేశాం" అని తన మీద తనే నవ్వుకునేవాడు. కొన్నాళ్లకు "క్లీట్ వద్దనలేదు" అయింది. తర్వాత "క్లీట్ కోశాడు". ఆఖరికి "నేను ఇంట్లో లేనప్పుడు నీ తమ్ముడు రంపం తీసుకొచ్చాడు". ప్రతిసారీ నేను గరిటె పట్టుకుని "అబద్ధమాడకు ఎల్మర్, నువ్వే అడిగావు" అని మొహంమీదే అన్నాను. నా మాట ఎవరు చెవిన పెట్టారు? మగవాళ్లు కార్ల గురించి మాట్లాడుకుంటుంటే ఆడదాని సాక్ష్యం లెక్కలోకి రాదు. గ్లెన్‌కు బుద్ధి తెలిసేసరికి ఆ ఆఖరి మాటే చెవిన పడింది, ఇప్పటికీ అదే నమ్ముతున్నాడు. అందుకని నోటితో వంద సార్లు చెప్పినదాన్ని సాక్షుల సంతకాలతో రాస్తున్నాను. కొయ్యమన్నది ఎల్మర్. వద్దన్నది క్లీటస్.

ఆ తర్వాత క్లీట్ ఇంటికొస్తే ఎల్మర్ పేపరు అడ్డం పెట్టుకునేవాడు. దారినపోయే ప్రతి అనామకుడికీ చెయ్యెత్తిన మనిషి, సొంత బావమరిదికి ఎత్తలేకపోయాడు.

5. ఇంటి నేలమాళిగలో బాయిలరు పక్కన సైనిక దుప్పటిలో చుట్టి ఉన్న వస్తువు: ఇల్లినాయ్‌లో తుక్కుగా మారిన ఒక అరవైమూడు కారునుంచి ఎల్మర్ కొన్న పైకప్పు వెనక భాగం, నడిమి పట్టీతో సహా, చెక్కుచెదరనిది. ఇది గ్లెన్‌కు.

దీని కథ కూడా రాయాలి. ముక్క దొరికింది, అతికేవాడు దొరకలేదు. వచ్చిన ప్రతి మెకానిక్కునూ ఎల్మర్ గుమ్మం నుంచే పంపేశాడు. ఒకడి చేతులు మొరటువట, ఒకడు గబగబా మాట్లాడాడట. అతుకు కనపడకుండా అతకగల మనిషి ఒక్కడే ఉన్నాడని ఆయనకూ తెలుసు. అప్పటికి క్లీట్ పని వెంట కెంటకీ వెళ్లిపోయి ఉన్నాడు. ఏటా క్రిస్మస్‌కు ఫోను చేసేవాడు. ఎల్మర్ ఎత్తి, మాట్లాడకుండా నా చేతికిచ్చేవాడు. ఒక ఏడాది ఇచ్చినవాడు పక్కనే నిలబడ్డాడు, కదల్లేదు. "అడగవయ్యా, ఒక్క మాట, వాడు రాత్రికి రాత్రి బయల్దేరి వస్తాడు" అని నేను రిసీవరు మీద చెయ్యి పెట్టి చెప్పాను. పెదవులు కదిలాయి. అంతలోనే నేలమాళిగలో చెమ్మ చూసొస్తానని మెట్లు దిగిపోయాడు. పంతం కాకపోతే ఏమిటి చెప్పండి!

క్లీట్ పోయాడని కబురొచ్చిన రోజు కూడా ఎల్మర్ ఆ మెట్లే దిగాడు. చీకటి పడ్డా రాకపోతే నేను వెళ్లి చూశాను. దుప్పటి మీద చెయ్యి వేసి కూర్చుని ఉన్నాడు. "ఇక ఎవడు అతుకుతాడే టిల్లీ" అన్నాడు. ఆయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ ఏడుపు కాస్త ముందు ఏడ్చి ఉంటే ఇద్దరి బతుకులూ బాగుపడేవి.

గ్లెన్, ఆ ముక్క నీ ఇష్టం. గోడకు తగిలించుకో, అమ్ముకో. నీ కార్వెట్ క్లబ్బు వాళ్లు పోటీపడి కొంటారు. మా కారు మీద మాత్రం అది ఎక్కదు.

6. ఒక రంపం, పూత పూసే నాలుగు రకాల గరిటెలు, చేతి ఆకారానికి అరిగిపోయిన రుద్దుడు చెక్క: నా తమ్ముడి పనిముట్లు. గ్లెన్ గ్యారేజీలో పై అరలో ఉన్నాయి. ఇవి తమ్ముడి కూతురు, నా మేనకోడలు మార్లా హంకేకు తిరిగి చేరవలసినవి.

తిరిగి అని ఎందుకన్నానంటే, క్లీట్ అంత్యక్రియల భోజనాల దగ్గర, వడ్డన ఇంకా పూర్తికాకముందే, నా కొడుకు ఆ పిల్ల దగ్గరికి వెళ్లి "మా కారుకు మీ నాన్న చేసిన నష్టానికి కనీసం ఆ పనిముట్లన్నా మాకివ్వాలి" అన్నాడు. ఆ పిల్ల పళ్లెం పక్కన పెట్టి లేచింది. ఇంటికి వెళ్లి పెట్టె తెచ్చి, తనే వాడి కారు డిక్కీలో పెట్టి మూత వేసింది. "ఇక మన మధ్య లెక్క తీరింది" అంది. నాకు నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. అప్పటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

గ్లెన్ చెడ్డవాడు కాదు. ఈ మాట కూడా వాంగ్మూలం కిందే రాసుకోవాలి. నాకు వారం వారం మందులు తెచ్చిస్తాడు. వాడికి ఈ కార్ల పిచ్చి తలకెక్కింది, అంతే. క్లబ్బులో జడ్జి. టార్చిలైటు పట్టుకుని కార్ల కింద దూరి, ఏ బోల్టు ఫ్యాక్టరీ నాటిది, ఏది కాదు అని మార్కులు వేస్తాడు. పాతకాలంలో లైనుమీద కూలీలు బాడీ మీద గీసిన సుద్దగీతలు కూడా ఉన్నచోటే ఉండాలట, చెరిగిపోతే పుస్తకం చూసి మళ్లీ గీస్తారట. ఈ సంగతి ఫోనులో చెబితే క్లీట్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "అక్కా, అవి మేం చెయ్యందిన చోటల్లా గీశాం. ఆకలేస్తే ఒక రకంగా, కాఫీ తాగొస్తే ఒక రకంగా. దానికి మార్కులా?" అన్నాడు. ఆ నవ్వు నా చెవుల్లో ఉండిపోయింది.

7. మూడో అంశంలో వర్ణించిన కారు, ఉన్నది ఉన్నట్టుగా, ఒకే ముక్క వెనకద్దంతో సహా, మార్లా హంకేకు దఖలు పరుస్తున్నాను. గ్లెన్ గానీ, వాడి తరఫు వారు గానీ, క్లబ్బు గానీ అభ్యంతరం చెప్పరాదు. మార్లా గానీ, ఆమె వారసులు గానీ ఆ అద్దం స్థానంలో పట్టీ అతికించరాదు.

నడిమి పట్టీ లేని అరవైమూడు అరవైమూడే కాదని గ్లెన్ నాతో ఎన్నోసార్లు వాదించాడు. మరి ఈ పిల్ల ఎవరో చూడు నాయనా. ఆమె తండ్రి మన ఊళ్లో ఆ కార్లు చేశాడు, ఆమె కెంటకీలోని బౌలింగ్ గ్రీన్ ఫ్యాక్టరీలో వాటికి రంగు వేస్తుంది. మన కార్వెట్ మ్యూజియంలో, సరే, వాళ్ల ఊళ్లో ఉంది కాబట్టి వాళ్ల మ్యూజియంలో, కిందటేడు ఫిబ్రవరిలో నేల కుంగి ఎనిమిది కార్లు గోతిలో పడ్డాయే, ఆ పొద్దున ఆమె నాకు ఫోను చేసి "అత్తా, నేల మింగేసిందత్తా" అని వెక్కివెక్కి ఏడ్చింది. నేను ఫోను పెట్టీపెట్టగానే నువ్వు వంటింట్లోకొచ్చి టోపీ తీసి, టీవీ వైపు చూపించి, చిన్నపిల్లాడిలా ముక్కు తుడుచుకున్నావు. ఒకే పొద్దున, ఒకే గొయ్యి గురించి, ఇద్దరూ నా దగ్గరే ఏడ్చారు. మనుషులు ఒక్కరూ చావలేదు ఆ గోతిలో. మనింట్లో పడ్డ గోతికి మాత్రం ఎవరూ ఏడవలేదు. ఆ రోజే ఈ వీలునామా నా మనసులో మొదలైంది.

8. ఏడో అంశానికి షరతు. కారును గ్లెన్ స్వయంగా నడుపుకుంటూ బౌలింగ్ గ్రీన్ తీసుకెళ్లి మార్లాకు అప్పగించాలి. ట్రెయిలరు మీద ఎక్కించి, గుడ్డ కప్పి తీసుకెళ్లకూడదు. అలా తీసుకెళ్తే ఐదో అంశంలోని ముక్క వాడికి దక్కదు, ఇర్మా దాన్ని చెత్తబండికి ఇవ్వాలి. ఆమె ఇచ్చే మనిషే, ఆలోచించుకో.

కారు నడవదని సాకు చెప్పకు. ప్రతి ఆదివారం గ్యారేజీలో దాన్ని గుర్రుమనిపించి ఆపేస్తున్నావు. నూనెలు మారుస్తావు, టైర్లు మారుస్తావు, వీధి చుట్టూ ఒక్కసారి తిప్పి దుప్పటి కప్పేస్తావు. మీ నాన్న కూడా ఆ ముక్క దొరికినప్పటినుంచీ అంతే, సరైన రూపు వచ్చాక తీద్దామని దాచాడు. ఎండలో, దుమ్ములో పరిగెత్తడానికి చేసిన బండి అది. ఏటా క్లీట్ "అక్కా, ఒక్కసారి దాన్నేసుకుని రా, మా వాళ్లందరికీ చూపిస్తాను" అని పిలిచాడు. నేను వెళ్లలేదు. ముందు కారు బాగుపడాలి, తర్వాత చూద్దామనేవాడు ఎల్మర్. ఆ తర్వాత అనేది రాలేదు. నా బతుకులో నేను బాధపడేది ఏదైనా ఉంటే అదే.

ఆఖరిసారి అది ఊరు దాటింది 1981 వేసవిలో. కార్వెట్ పని మా ఊళ్లో ఎత్తేసి కెంటకీకి మార్చారు, పని కావలసినవాళ్లు వెంట వెళ్లారు. క్లీట్ సామాను లారీ, వెనక వాడి భార్య, పిల్లను కూర్చోబెట్టుకుని ఒక కారు. ఎల్మర్ గడపదాటి బయటకు రాలేదు. నేను మేకుకు వేలాడుతున్న తాళాలు తీసుకుని నది దాటి, ఇల్లినాయ్‌లోని మౌంట్ వెర్నన్ ఊరిదాకా వాళ్ల వెనకే వెళ్లాను. రోడ్డు పక్క హోటల్లో చెర్రీ పై అనే పళ్ల రొట్టె తిన్నాం. మార్లా నా ముక్క కూడా తినేసింది. "ఇక వెళ్లు అక్కా, బావ ఎదురుచూస్తుంటాడు" అన్నాడు క్లీట్. ఎదురుచూడడని వాడికీ తెలుసు. వాడు తూర్పుకు, నేను పడమరకు. కారు తీసి రోడ్డెక్కాక, వెనక కనపడే చిన్న అద్దంలోకి చూశాను. వాడు లారీ ఎక్కలేదు. రోడ్డు మధ్యలో, సరిగ్గా నా వెనక నిలబడి చెయ్యెత్తాడు. దూరం వెళ్లేకొద్దీ చిన్నవాడైపోయాడు గానీ, చెయ్యి దించలేదు. పట్టీ ఉండి ఉంటే వాడు దాని చాటున పడిపోయేవాడు. ఆ తర్వాత వాడిని నేను చూసింది శవపేటికలోనే.

గ్లెన్, ఇప్పుడు నువ్వు చెయ్యవలసింది విను. దారిలో కార్వెట్లు ఎదురైతే చెయ్యెత్తు, పాతదా కొత్తదా అని చూడకు. మౌంట్ వెర్నన్‌లో ఆ హోటలు ఇంకా ఉంటే చెర్రీ పై తిను. బౌలింగ్ గ్రీన్‌లో మార్లా తలుపు తీస్తే పనిముట్ల పెట్టె ముందు ఇవ్వు, తాళాలు తర్వాత. నాలుగో అంశం ఆమెకు నువ్వే చదివి వినిపించు, ఇర్మా కాదు. క్షమాపణ ఎలా చెప్పాలో నేను రాసివ్వను, ఆ మాత్రం నీకు చేతనవును.

తిరిగి రావడానికి నీకు కారు ఉండదు. మార్లాయే నిన్ను దాంట్లో బస్టాండులో దింపుతుంది, ఫోనులో ఆమెతో మాట్లాడి ఒప్పించాను. దిగగానే లోపలికి పరిగెత్తకు, బస్సు ఎక్కడికీ పోదు. రోడ్డు మీదే, కారుకు సరిగ్గా వెనక నిలబడు. చిన్నప్పుడు నువ్వు పడుకుని ఆకాశం చూసిన వెనకద్దం అది. కారు మలుపు తిరిగేదాకా చెయ్యెత్తి ఉంచు. ఆమె అద్దంలోకి చూస్తుంది, మా తమ్ముడి కూతురు కదా, చూడకుండా పోదు. నువ్వు నిండుగా కనపడతావు, మధ్యలో అడ్డం ఏమీ ఉండదు.

పైన రాసినదంతా ఇర్మా చదివి వినిపించగా విని, నా మాటే అని ఒప్పుకుని, సాక్షుల ఎదుట నా చేత్తో సంతకం చేశాను.

సెయింట్ లూయిస్, 2015 అక్టోబరు 17, శనివారం.

(సం.) ఒటిలియా మే బ్రాండ్‌హోర్స్ట్

సాక్షులు:
(సం.) సెనాద్ హోజిచ్, పక్కింటి వాస్తవ్యుడు
(సం.) బెర్నడెట్ ఫోల్క్, ఎదురింటి వాస్తవ్యురాలు